పాలకూర గుట్టు తెలిసింది, జొన్న సంగతేంటి?

మొక్కజొన్న విత్తిన మర్నాడో ఆ పైరోజో అట్రజిన్ పొడిని నీళ్లలో కలిపి చేనంతా కొట్టడం బల్మూర్, అచ్చంపేట వైపు రైతులకు కొత్త పనేం కాదు. కలుపు చస్తుంది, మొక్కజొన్న నిలబడుతుంది. ఎందుకలా అని మందుల దుకాణంలో అడిగితే "అది మక్కలకు పడే మందే" అంటారు. అసలు జవాబు ఆకు లోపల డీ1 అనే ప్రోటీన్‌లో ఉంది. ఆ ప్రోటీన్‌కు ఒక పక్కన చిన్న సందు ఉంటుంది. వెలుగు తగిలి కదిలిన ఎలక్ట్రాన్లను అందుకుని మోసుకుపోయే ప్లాస్టోక్వినోన్ అనే అణువు వచ్చి కూర్చునే చోటు అది. అచ్చంపేట బస్సులో కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకున్నట్టు, అట్రజిన్ ముందే వచ్చి ఆ చోటు పట్టేస్తుంది. ఎలక్ట్రాన్ ముందుకు పోదు. ఆకు మీద పడిన వెలుగు ఖర్చయ్యే దారి లేక ఆకునే మాడుస్తుంది. మొక్కజొన్న డీ1లోనూ ఆ సందు ఉంది. కాకపోతే అట్రజిన్‌ను పట్టుకుని పనికిరాకుండా చేసే ఎంజైములు దాని దగ్గర దండిగా ఉన్నాయి, కలుపు దగ్గర లేవు.

ఏళ్ల తరబడి అదే మందు కొట్టిన చేలల్లో కొన్ని కలుపు మొక్కలు మొండికేశాయి. 1983లో అమెరికాలో తోటకూర జాతికి చెందిన ఒక కలుపులో దీనికి కారణం తేల్చారు. డీ1లో 264వ స్థానంలో సెరైన్ ఉండాల్సింది గ్లైసిన్ ఉంది. ఒక్క అమైనో ఆమ్లం మారింది, మందుకు పట్టు దొరకలేదు. పారాక్వాట్ కథ ఇంకో రకం. గ్రామోక్సోన్ పేరుతో పల్లెల్లో అందరికీ తెలిసిన మందు ఇది. ఇది ఏ సందులోనూ కూర్చోదు. ఆకులో వెలుగుతో నడిచే రెండు యంత్రాల్లో ఒకటైన ఫోటోసిస్టమ్-1 బయటికిచ్చే ఎలక్ట్రాన్‌ను దారిలోనే లాక్కుని ఆక్సిజన్‌కు అంటగడుతుంది. అలా పుట్టిన విషపు రూపాలు గంటల్లో ఆకును కాలుస్తాయి. మనిషి ఊపిరితిత్తుల్లో అది చేసే పని కూడా ఇంచుమించు ఇదే రసాయనం. విరుగుడు లేదని డాక్టర్లు మొత్తుకునేది అందుకే.

అంటే కిరణజన్య సంయోగక్రియ ప్రోటీన్ల ఆకారం, ఏ అణువు ఎక్కడుందన్న లెక్క, ల్యాబు గోడల మధ్య ఆగిపోయే విషయం కాదు. కలుపు మందు సీసాలోకి ఎప్పుడో వచ్చేసింది. ఈ ప్రోటీన్ల నిర్మాణం మీద పనిచేయడానికి జర్మనీ, జపాన్, ఇజ్రాయెల్, అమెరికా ల్యాబులు పోస్ట్‌డాక్‌లను, అంటే పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్లు పరిశోధన చేసేవాళ్లను, పిలుస్తూనే ఉంటాయి. మన దేశంలోని ల్యాబులూ అప్పుడప్పుడు పిలుస్తాయి. పీహెచ్‌డీ ముగించిన తెలుగు పిల్లలు దరఖాస్తు పెడుతూనే ఉంటారు. నలభై ఏళ్లుగా బొమ్మలు గీస్తూనే ఉన్నారు కదా, ఇంకా ఏం మిగిలిందన్నది మొదటి ప్రశ్న. అందులో మన పంటకూ మన పిల్లలకూ చోటెక్కడన్నది రెండోది. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇప్పుడు కొరత ఉన్నది యంత్రాలకు కాదు, ప్రశ్నలకూ నమూనాలకూ. ఆ రెండూ మన చేలల్లో ఉన్నాయి.

కథ 1980ల మొదట్లో మ్యూనిక్ పక్కన మార్టిన్స్‌రీడ్‌లో మొదలైంది. పొరల్లో ఇరుక్కుని ఉండే ప్రోటీన్లు నీళ్లలో కరగవు, స్ఫటికం కట్టవు అని అప్పట్లో దాదాపు అందరి నమ్మకం. పీహెచ్‌డీ ముగించి నాలుగైదేళ్లయిన హార్ట్‌ముట్ మిషెల్ ఒక ఊదారంగు బ్యాక్టీరియా నుంచి వెలుగు పట్టే ప్రోటీన్‌ను తీసి స్ఫటికం కట్టించాడు. యోహాన్ డైసెన్‌హోఫర్, రాబర్ట్ హ్యూబర్‌లతో కలిసి 1985లో దాని నిర్మాణం ప్రకటించాడు. మూడేళ్లు తిరక్కుండానే, 1988లో, ముగ్గురికీ రసాయన నోబెల్ వచ్చింది. కలుపు మందులు ఎక్కడ కూర్చుంటాయో కళ్లకు కట్టింది కూడా ఆ పనే. మొక్క ప్రోటీన్ చేతికి రాకముందే దాని బ్యాక్టీరియా బంధువు ద్వారా ఆ సందు ఎలా ఉంటుందో అర్థమైంది.

మొక్కల వైపు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. బెర్లిన్‌లో ఫోటోసిస్టమ్-1 స్ఫటికాల మీద పనిచేసిన బృందం 1993లో 6 ఆంగ్‌స్ట్రామ్‌ల మసక బొమ్మ ఇచ్చింది. ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు. అదే బృందం అణువుల్ని విడివిడిగా చూపే 2.5 ఆంగ్‌స్ట్రామ్‌ల బొమ్మ ఇచ్చేసరికి 2001 వచ్చింది. మధ్యలో గడిచిన ఎనిమిదేళ్లలో ఎందరు విద్యార్థులు, ఎందరు పోస్ట్‌డాక్‌లు అదే ప్రోటీన్‌ను మళ్లీ మళ్లీ శుద్ధి చేశారో ఊహించుకోండి. వేడినీటి ఊటల్లో బతికే సయనోబ్యాక్టీరియా నుంచి తీసిన ఆ ప్రోటీన్ మూడు యూనిట్ల జట్టు. ఒక్కో యూనిట్‌లో 12 ప్రోటీన్లు, వాటిలో పొదిగిన 96 పత్రహరిత అణువులు, 22 కెరోటినాయిడ్లు, మూడు ఇనుము-గంధకం గుంపులు ఉన్నాయి. అదే ఏడాది నీటిని చీల్చే ఫోటోసిస్టమ్-2 బొమ్మ కూడా 3.8 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర వచ్చింది. ఆ తర్వాత అన్నీ వరసకట్టాయి. 2003లో ఇజ్రాయెల్‌లో నాథన్ నెల్సన్ బృందం బఠానీ మొక్క ఫోటోసిస్టమ్-1ను చూపింది. 2004లో చైనా బృందం పాలకూరలో వెలుగు పోగుచేసే ప్రోటీన్‌ను చూపింది. 2011లో జపాన్‌లో జియాన్-రెన్ షెన్, నొబువో కమియా బృందం ఫోటోసిస్టమ్-2ను 1.9 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర నిలబెట్టింది.

ఆ 2011 బొమ్మ దగ్గర కాస్త ఆగాలి. నీటిని ఆక్సిజన్‌గా మార్చే కేంద్రంలో నాలుగు మాంగనీసు, ఒక కాల్షియం, ఐదు ఆక్సిజన్ పరమాణువులు కాస్త వంకరపోయిన కుర్చీ ఆకారంలో కుదురుకుని ఉన్నాయని అందులో మొదటిసారి స్పష్టంగా కనిపించింది. ఒక్కో యూనిట్‌లో 1,300కు పైగా నీటి అణువులు కూడా కనిపించాయి. మనం పీల్చే గాలిలోని ఆక్సిజన్ పుట్టేది ఆ చిన్న లోహపు గుంపు దగ్గరే. 1969లో పియర్ జోలియో వెలుగు మెరుపులు వరసగా కొట్టి చూసినప్పుడు ఆక్సిజన్ నాలుగు మెరుపులకోసారి ఎగసింది. మరుసటి ఏడాది బెస్సెల్ కాక్ దాన్ని నాలుగడుగుల చక్రంగా వివరించాడు. ఆకారం తెలియక ముందే లయ తెలిసింది. ఆకారం తెలిశాక కొత్త తగాదా మొదలైంది. స్ఫటికాన్ని చూడటానికి వాడిన ఎక్స్-కిరణాలే మాంగనీసును మారుస్తున్నాయి కదా, మరి చూసింది అసలు రూపమేనా అన్నారు. దానికి విరుగుడుగా ఫెమ్టోసెకండ్ల లేజరు ఎక్స్-కిరణాలు వచ్చాయి. ప్రోటీన్ చెడేలోపే బొమ్మ తీసుకోవడం ఆ పద్ధతి. 2015లో షెన్ బృందం అలా చూసింది. అమెరికాలో యాన్ కెర్న్, జుంకో యానో, విట్టల్ యాచంద్ర బృందం మెరుపు మెరుపుకూ మధ్య ఏం మారుతోందో వరసగా చూపుకుంటూ 2023లో ఆక్సిజన్ పుట్టే చివరి దశ దాకా వచ్చింది. రెండు ఆక్సిజన్ పరమాణువులు సరిగ్గా ఏ క్షణంలో, ఏ జతగా కలుస్తాయన్న వాదన మాత్రం ఇప్పటికీ సద్దుమణగలేదు.

ఇంకో తగాదా కాలక్రమంలో చల్లారింది. 2007లో ఒక బ్యాక్టీరియా ప్రోటీన్‌లో శక్తి క్వాంటం తరంగంలా పయనిస్తోందని ఒక పేపరు వచ్చింది. మొక్కలు క్వాంటం కంప్యూటర్లట అని పత్రికలు హోరెత్తించాయి. తర్వాత జరిగిన కొలతలు ఆ సంకేతాల్లో చాలావరకు అణువుల కంపనాలవేనని తేల్చాయి. 2020 నాటికి ఆ రంగంలో ఉన్నవాళ్లే కలిసి రాసి ఒప్పుకున్నారు. మన పత్రికల్లో ఆ రెండో భాగం పెద్దగా రాలేదు.

2017లో క్రయో-ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీకి (క్రయో-ఈఎం) నోబెల్ వచ్చే నాటికి రంగం రూపే మారిపోయింది. స్ఫటికం కట్టించాల్సిన పని తప్పింది. ప్రోటీన్‌ను లిక్విడ్ ఈథేన్‌లో ముంచి క్షణంలో గడ్డకట్టించి, లక్షల బొమ్మలు తీసి, కంప్యూటర్‌లో ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీస్తే చాలు. 2016లో పాలకూర ఫోటోసిస్టమ్-2 పెద్ద జట్టు, 2018లో మొక్కజొన్నలో ఫోటోసిస్టమ్-1కు వెలుగు పోగుచేసే ప్రోటీన్ అదనంగా అంటుకున్న రూపం, 2022లో బార్లీలో ఫోటోసిస్టమ్-1కు ఎన్‌డీహెచ్ అనే మరో పెద్ద యంత్రం తగులుకున్న రూపం ఈ పద్ధతిలోనే వచ్చాయి. ఈలోగా ఆల్ఫాఫోల్డ్ వచ్చింది, 2024లో దానికీ నోబెల్ దక్కింది. ఒక్కో ప్రోటీన్ గొలుసు ఎలా మడతపడుతుందో ఇప్పుడు కంప్యూటరే చెబుతుంది. అలాగని ఈ రంగంలో పోస్ట్‌డాక్ పని తప్పిపోలేదు. పదుల ప్రోటీన్లు, వందల పత్రహరిత అణువులు, మధ్యలో కొవ్వులు, ఎండకో వేడికో మారే జతలు ఆకులో ఒక మధ్యాహ్నం నిజంగా ఎలా ఉన్నాయో చెప్పాలంటే ఆకునే అడగాలి.

ల్యాబులో ఆ అడగడం ఎలా ఉంటుందో పెద్దగా ఎవరూ రాయరు. మార్కెట్ నుంచి తెచ్చిన పాలకూరను చల్లటి గదిలో, మసక పచ్చ వెలుగులో, మిక్సీలో తిప్పుతారు. వడకట్టి, గిర్రున తిప్పి హరితరేణువుల పొరలు వేరుచేస్తారు. ఆ పొరల్లోంచి ప్రోటీన్లను విడదీయడానికి డోడెసిల్ మాల్టోసైడ్ వంటి సబ్బు జాతి పదార్థం కలుపుతారు. ఎక్కువైతే జట్టు విడిపోతుంది, తక్కువైతే పొర వదలదు. పంచదార ద్రావణం మీద పోసి రాత్రంతా అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే తెల్లారేసరికి గొట్టంలో పచ్చటి పట్టీలు విడివిడిగా కనిపిస్తాయి. ఆ పట్టీల్లో ఏది ఏదో తేల్చుకోవడం, మళ్లీ మళ్లీ అదే వచ్చేలా చేయడం, చివరికి వెంట్రుకంత మందం కూడా లేని గ్రిడ్ మీద ఒక బొట్టు సరిగ్గా పరుచుకునేలా చూడటం, పోస్ట్‌డాక్ జీవితంలో అసలు పని ఇదే. మైక్రోస్కోప్ దగ్గర గడిపేది కొద్ది రోజులు. మిగతా నెలలన్నీ ఈ సబ్బునీళ్ల దగ్గరే గడుస్తాయి.

తెలుగు నేల ఈ కథలో ఎప్పుడో చేరింది. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వి.ఎస్. రామదాస్ ఒక బలమైన బృందాన్ని నడిపారు. అక్కడ ఎ.ఎస్. రాఘవేంద్ర, జి. రాజేంద్రుడు ఆయనతో కలిసి 1978లో నేచర్ పత్రికలో ఒక పేపరు ప్రచురించారు. మొల్లుగో న్యూడికాలిస్ అనే చిన్న కలుపు మొక్కలో లేత ఆకులు ఒక రకంగా, ముదురు ఆకులు ఇంకో రకంగా కార్బన్‌ను పట్టుకుంటున్నాయని, అంటే సీ3, సీ4 అనే రెండు పద్ధతులూ ఒకే మొక్కలో ఉన్నాయని చూపారు. అప్పటికి సీ4 పద్ధతి బయటపడి పదేళ్లు దాటింది. ఏ మొక్క ఏ కోవదో ప్రపంచమంతా జాబితాలు రాస్తున్న రోజులవి. అదే ఏడాది రాఘవేంద్ర, రామదాస్ సీ4 మొక్కల అనుబంధ జాబితా కూడా ప్రచురించారు. ఇప్పటి లెక్కలతో చూస్తే ఆ పనికి కావలసిన పరికరాలు స్వల్పమే. కళ్లముందున్న కలుపు మొక్కను ఎవరూ అడగని ప్రశ్న అడగడం అందులో గొప్ప. రాఘవేంద్ర తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వచ్చారు. 1998లో ఆయన సంపాదకత్వంలో కేంబ్రిడ్జ్ వాళ్లు వేసిన కిరణజన్య సంయోగక్రియ గ్రంథం చాలా విశ్వవిద్యాలయాల్లో చేతిపుస్తకంగా నిలిచింది.

ప్రోటీన్ నిర్మాణం వైపు హైదరాబాద్‌ను తిప్పినవారు రాజగోపాల్ సుబ్రమణ్యం. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఆండ్రూ వెబర్, పెట్రా ఫ్రొమ్మె బృందాలతో కలిసి ఆయన 2006లో క్లామిడోమోనాస్ అనే నాచులో ఫోటోసిస్టమ్-1 పెద్ద జట్టును వేరుచేసి వర్ణించారు. ఫ్రొమ్మె అంటే ఆ 2001 బెర్లిన్ బొమ్మ వెనక ఉన్న మనిషే. గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీకి వచ్చాక ఆయన బృందం ఎంచుకున్న ప్రశ్నలు నాకు ఆ బొమ్మలకన్నా ఆసక్తిగా ఉంటాయి. 2011లో, ఓ మోస్తరు వేడి తగిలితేనే మొక్కలో వెలుగు పోగుచేసే ప్రోటీన్లు ఫోటోసిస్టమ్-2ను వదిలి ఫోటోసిస్టమ్-1 వైపు జరుగుతున్నాయని చూపారు. వెలుగు రంగు మారితే ఈ జరుగుబాటు ఉంటుందని 1969 నుంచే తెలుసు. వేడికీ ఉంటుందన్నది పాలమూరు ఎండల్లో పుట్టి పెరిగిన ఎవరికైనా పట్టించుకోదగ్గ మాట. 2012లో అదే బృందం, ఫ్రొమ్మె ల్యాబుతో కలిసి, ఇనుము దొరకని నాచులో ఫోటోసిస్టమ్-1కు ఏమవుతుందో చూపింది.

ఇనుము మాట వచ్చింది కాబట్టి వేరుశనగ చేను దగ్గరికి వెళ్దాం. సున్నం ఎక్కువున్న నేలల్లో వేరుశనగ లేత ఆకులు పసుపు పచ్చబడి చివరికి తెల్లబడతాయి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొట్టమని వ్యవసాయాధికారులు చెబుతారు, రైతులు కొడతారు, ఆకు మళ్లీ పచ్చబడుతుంది. ఆ అన్నభేదిలో ఉన్నది ఇనుము. వెలుగుతో నడిచే ఈ యంత్రాల్లో ఇనుము అవసరం అన్నిటికన్నా ఎక్కువ ఫోటోసిస్టమ్-1కే. ఒక్కో యూనిట్‌కు 12 ఇనుము పరమాణువులు కావాలి. అంచేత ఇనుము తగ్గితే మొదట దెబ్బతినేది అదే. రెండు ఫోటోసిస్టమ్‌ల మధ్య తూకం తప్పితే, ఎక్కువైన వెలుగు మిగతా ఆకును కూడా పాడుచేస్తుంది. చేనులో కంటికి కనిపించే తెలుపుకూ, హైదరాబాద్ ల్యాబులో గొట్టంలో సన్నబడిన పచ్చ పట్టీకీ మధ్య దూరం అంతే.

2011 నాటి ఆ వేడి పేపరులో మొదటి పేరు శ్రీధర్ నెల్లేపల్లిది. 2018లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చిన ఇంకో పేపరులోనూ మొదటి పేరు ఆయనదే. ఈసారి చోటు జపాన్‌లోని ఒకాయామా యూనివర్సిటీ, బృందం యుయిచిరో తకహాషిది. ఫోటోసిస్టమ్-1 తయారైన యంత్రంగా ఎలా ఉంటుందో కాదు, దాన్ని ముక్క ముక్కగా ఎవరు బిగిస్తారో ఆ పేపరు చెప్పింది. వైసీఎఫ్3, వైసీఎఫ్4 అనే సహాయక ప్రోటీన్లు రెండు అంచెల్లో ఈ కూర్పు పని చేస్తాయి. హైదరాబాద్‌లో నేర్చిన శుద్ధి, ఒకాయామాలో దొరికిన ప్రశ్న కలిస్తే ఏం వస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఫోటోసిస్టమ్-2ను 1.9 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా తెచ్చిన షెన్ కూడా ఉన్నది అదే విశ్వవిద్యాలయంలో.

ఇక డబ్బు, కాలం. నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి వచ్చిన విద్యార్థి డిగ్రీ, ఎమ్మెస్సీ, సీఎస్‌ఐఆర్ నెట్, పీహెచ్‌డీ ముగించేసరికి ముప్పైకి అటూఇటూ వస్తాడు. ఇంట్లో వాళ్ల దృష్టిలో అప్పటికే ఆలస్యమైపోయింది. అమ్మాయైతే ఆ ఆలస్యాన్ని ఊరంతా లెక్కబెడుతుంది. ఆ వయసులో చేతికొచ్చేది రెండేళ్ల పని. దేశంలో నేషనల్ పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్ 2015 ప్రాంతంలో మొదలైనప్పుడు నెలకు 55,000 రూపాయలు, రెండేళ్లు, 35 ఏళ్ల వయోపరిమితి పెట్టారు. 2023 నుంచి ప్రాజెక్టుల్లో రీసెర్చ్ అసోసియేట్లకు 58,000, 61,000, 67,000 అనే మూడు మెట్లు, ఇంటద్దె అదనం. ఆ ఫెలోషిప్ నడిపిన బోర్డు స్థానంలోకి ఇప్పుడు అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ వచ్చింది. బయట జర్మనీ హుంబోల్ట్ ఫెలోషిప్ పీహెచ్‌డీ అయిన నాలుగేళ్లలోపు వాళ్లకు, జపాన్ జేఎస్‌పీఎస్ ఫెలోషిప్ ఏడాది నుంచి రెండేళ్ల దాకా.

రెండేళ్లన్న ఆ లెక్క నిర్మాణ పరిశోధనకు ఇరుకు చొక్కా. బెర్లిన్ బొమ్మకు ఎనిమిదేళ్లు పట్టిందని చెప్పుకున్నాం. ఇప్పుడు క్రయో-ఈఎం వల్ల పని వేగమైంది నిజమే, సబ్బునీళ్ల దగ్గర పని మాత్రం వేగం కాలేదు. మొదటి ఏడాది నమూనా కుదిరేసరికే గడిచిపోవచ్చు. అంచేత ఈ రంగంలో పోస్ట్‌డాక్ తీసుకునేవాళ్లు జీతం కన్నా ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. శుద్ధిచేసిన ప్రోటీన్ ఆ ల్యాబు చేతిలో ఇప్పటికే ఉందా, వచ్చాకే మొదలుపెట్టాలా? మైక్రోస్కోప్ సొంతమా, వరసలో నిలబడాలా, వరస ఎంత పొడవు? నిరుడు వెళ్లిపోయిన పోస్ట్‌డాక్ పేపరు అచ్చయిందా, రాతప్రతిగానే మిగిలిందా? మూడో ఏడాదికి డబ్బు ఎవరిస్తారు? పెద్ద ల్యాబు పేరు చూసి ఈ ప్రశ్నలు మింగేసి వెళ్లినవాళ్ల కథలు విన్నవాళ్లెవరూ ఇవి అడగకుండా వెళ్లరు. యంత్రాల సంగతికొస్తే దేశంలో పరిస్థితి పదేళ్ల కిందటిలా లేదు. బెంగళూరులో ఎన్‌సీబీఎస్ ప్రాంగణంలో జాతీయ క్రయో-ఈఎం కేంద్రం నడుస్తోంది. హైదరాబాద్‌లో సీసీఎంబీలోనూ క్రయో-ఈఎం ఉంది. వరస పొడవే తప్ప, బొమ్మ తీసుకోవడానికి విమానం ఎక్కాల్సిన రోజులు పోయాయి.

ఇంతా చేసి పంట పెరిగిందా అన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. ఇప్పటిదాకా పొలంలో కనిపించిన పెద్ద ఫలితాలు అణువుల బొమ్మ చూసి చెక్కినవి కావు. అమెరికాలో ఇల్లినాయ్ కేంద్రంగా స్టీఫెన్ లాంగ్ బృందం 2016లో పొగాకులో మూడు జన్యువుల మోతాదు పెంచింది. ఎండ నుంచి నీడలోకి వచ్చినప్పుడు ఆకు త్వరగా తేరుకునేలా చేసి దాదాపు 15 శాతం ఎక్కువ బరువు సాధించింది. 2022లో సోయాబీన్‌లో అదే చేస్తే గింజ దిగుబడి పెరిగింది. రెండో ఏడాది సాగులో అదే ఫలితం నిలకడగా రాలేదని వాళ్లే రాశారు. ఆ మూడు జన్యువులూ ఏం చేస్తాయో జీవరసాయనం చెప్పింది, నిర్మాణం కాదు. సీ3 పంటలు వెలుగులో గరిష్ఠంగా 4.6 శాతం, సీ4 పంటలు 6 శాతం పట్టగలవని 2008లో ఒక లెక్క వచ్చింది. చేలల్లో దానికి చాలా దిగువనే ఉంటాం. ఆ తేడాలో ఎక్కువ భాగం నీటిదీ ఎరువుదీ వేడిదీ. నిర్మాణం తెలిసినంత మాత్రాన బస్తా పెరగదు. కానీ వేడిలో ముందు ఏది విడిపోతుంది, ఎలా విడిపోతుంది అన్నది నిర్మాణం తప్ప ఇంకోటి చెప్పదు.

వేడికి మొదట లొంగేవి రెండు. ఒకటి ఫోటోసిస్టమ్-2లోని మాంగనీసు కేంద్రం. ఆకు బాగా వేడెక్కితే ఆ లోహాలు ఊడిపోతాయి. రెండోది కార్బన్‌ను పట్టుకునే రుబిస్కోను పనికి సిద్ధం చేసే రుబిస్కో యాక్టివేజ్. ఇది అంతకన్నా తక్కువ వేడికే చతికిలబడుతుంది. డీ1 సంగతి మొదటే చెప్పుకున్నాం. ఎండ గట్టిగా ఉన్నప్పుడు అది గంటలోపే పాడై కొత్తది వేయించుకుంటుంది. మే నెలలో నల్లమల అంచున ఆకు ఎంత వేడెక్కుతుందో ఆ ఎండలో నిలబడ్డ వాళ్లకు తెలుసు. టేకు లాంటి చెట్లు ఆకులు రాల్చుకుని తప్పించుకుంటాయి. చేలో మొక్కకు ఆ వెసులుబాటు లేదు.

ఇప్పుడు శీర్షికలో అడిగిన జొన్న దగ్గరికి. ఒకప్పుడు పాలమూరు రొట్టె అంటే జొన్న రొట్టే. చేలల్లో దాని చోటు పత్తి, మక్కలు ఆక్రమించాయి కానీ ఎండను తట్టుకోవడంలో దాని పేరు పోలేదు. జొన్న సీ4 మొక్క. దాని ఆకులో రెండు రకాల కణాలు పని పంచుకుంటాయి. బయటి కణాలు కార్బన్‌ను మొదట పట్టుకుంటాయి. ఈనె చుట్టూ ఉన్న కణాలు దాన్ని తీసుకుని రుబిస్కోకు అందిస్తాయి. ఈనె చుట్టూ ఉన్న ఆ కణాల హరితరేణువుల్లో ఫోటోసిస్టమ్-2 బాగా తక్కువ. అక్కడ రాజ్యమేలేది ఫోటోసిస్టమ్-1. ఎలక్ట్రాన్లు నీటి నుంచి కొత్తగా రాకుండా అక్కడక్కడే చుట్టు తిరుగుతూ శక్తి నింపుతాయి. ఆ చుట్టుకు ఎన్‌డీహెచ్ యంత్రం కీలకం. 2022 నాటి బార్లీ బొమ్మలో ఫోటోసిస్టమ్-1కు అతుక్కున్నది అదే. బార్లీ సీ3 మొక్క, ఈ పని దానికి చిన్నది. సీ4లో, అందునా జొన్న ఆకు ఈనె చుట్టూ, వేడిలో అదే యంత్రం ఎలా అమరుతుంది, ఎన్ని ఫోటోసిస్టమ్-1లు దాన్ని అంటిపెట్టుకుంటాయి, నీళ్లు తగ్గితే ఆ జత ఎలా మారుతుంది అన్న వైపు పని చాలా మిగిలి ఉంది.

ఈ పనికి కావలసినవి చాలావరకు తెలంగాణలోనే ఉన్నాయి. జొన్న జన్యుపటం 2009 నుంచే బహిరంగంగా ఉంది. పటాన్‌చెరులో 1972 నుంచి ఉన్న ఇక్రిశాట్ జన్యునిధిలో వేల రకాల జొన్నలున్నాయి. వాటిలో కరువులోనూ ఆకు పచ్చగా నిలబెట్టుకునే రకాల మీద అక్కడ ఏళ్లుగా పనిచేశారు. గచ్చిబౌలిలో పొరల నుంచి ప్రోటీన్ జట్లను విడదీసే చేతులున్నాయి, సీసీఎంబీలో మైక్రోస్కోప్ ఉంది. లేనిది వాటిని కలిపి ఒక్క ప్రశ్న మీద మూడు నాలుగేళ్లు నిలబడే పోస్ట్‌డాక్, అతనికి అన్నేళ్లు జీతమిచ్చే పద్దు.

మొదటి అడ్డంకి మాత్రం ప్రయోగశాలలో తేలాల్సిందే. పాలకూర మెత్తగా నలుగుతుంది. జొన్న ఆకులో పీచెక్కువ, సిలికా ఎక్కువ. మిక్సీలో వేస్తే బయటి కణాలు పగిలి ముందే బయటపడతాయి, ఈనె చుట్టూ ఉన్నవి గట్టి గోడలతో అలాగే ఉండిపోతాయి. ఆ తేడానే ఆసరా చేసుకుని రెండు రకాలనూ వేరుచేసే పద్ధతులు సీ4 పరిశోధన తొలి రోజుల నుంచీ ఉన్నాయి. కణగోడను ఎంజైములతో కరిగించే దారీ ఉంది, కాకపోతే గంటల తరబడి వెచ్చటి ద్రావణంలో నానేలోపు ఎన్‌డీహెచ్ జత విడిపోయే ప్రమాదం ఉంది. పీహెచ్‌డీ అయి వచ్చే కొత్తవాళ్లు మొదటి ఆరు నెలలు తేల్చుకోవాల్సింది అదే. ఏ వయసు ఆకు తీసుకోవాలి, ఎంత సేపు రుబ్బాలి, ఏ సబ్బు, ఎంత.